అత్త నేర్పిన బలమైన క్రియలు

పక్కింటి అమ్మాయి నర్సింగు చదివింది. జర్మనీలో ఉద్యోగానికి పోవాలని నరసరావుపేటలోనే ఎవరో పెట్టిన కోచింగు క్లాసులకి వెళుతోంది. సాయంత్రం పూట వాళ్ళ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, చేతిలో ఫోను పట్టుకొని పాఠం వల్లె వేస్తుంటుంది. రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే కాబట్టి ఆ వల్లెవేతలో నాకూ వాటా ఉంది. మొన్న నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూచున్నాను. ఆ పిల్ల "హెల్ఫెన్, హాల్ఫ్..." అని ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. నేను అనుకోకుండానే నా నోట్లోంచి "గెహోల్ఫెన్" అని వచ్చేసింది. గోడ మీదుగా ఒక తల లేచింది. "అమ్మమ్మా, నీకెట్టా తెలుసు?" అని ఆ పిల్ల కళ్ళింత చేసుకొని అడిగితే, "మా అత్త నేర్పిందిలే" అని మాట దాటేశాను. తొంభై దాటినదాన్ని, గోడ దగ్గర నిలబడి చెప్పగలిగేంత చిన్న కథ కాదది. అందుకే రాసుకుంటున్నాను.

మా నాన్నకి ఆఖరి చెల్లెలు మా మేనత్త. గుంటూరు నుంచి మాచర్ల పోయే రైలు దారి పక్కన, పేరు చెప్పినా ఎవరికీ తెలియనంత చిన్న ఊరు మాది. నాన్న మిషను బడిలో హెడ్మాస్టరు. ఊరికి అర మైలు దూరంలో మిషను ఆస్పత్రి, అందులో అత్త నర్సు. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకొని, చెప్పులు చేత్తో పట్టుకొని, వాగు దాటాక వేసుకొని పోయేది. ఊళ్ళో వాళ్ళు ఆమెని పేరు పెట్టి పిలవడం నేను వినలేదు. అందరికీ నర్సమ్మే. ఇంట్లో మాత్రం నాయనమ్మకి ఆమె ఇంకా చిన్నపిల్లే. "మొగుడొద్దు, పిల్లలొద్దు, ఊళ్ళో అందరి పురుళ్ళూ నీకే కావాలి" అని రోజుకొక్కసారైనా సణిగేది. అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వేది. ఆమె నవ్వు నాకు ఇప్పటికీ ఆ వేళ్ళ సందుల్లోంచే గుర్తు.

ఆస్పత్రిని నడిపేది ఒక జర్మనీ దొరసాని. యాభై దాటిన మనిషి, ఎండకి మెడంతా కంది ఎర్రగా ఉండేది, ఎప్పుడూ నల్లగొడుగు. తెలుగు ఆమెకి ఎవరో పాత పాదిరి గ్రంథాల్లోంచి నేర్పినట్టున్నారు. కడుపునొప్పితో వచ్చిన మనిషిని "నీవు ఎచ్చట బాధపడుచున్నావు?" అని అడిగేది. పాపం ఆ మనిషి అది ప్రార్థన అనుకొని కళ్ళు మూసుకొని తల వంచేవాడు. అప్పుడు అత్త పక్కనుంచి "యాడ నొప్పిరా అంటంది" అని చెప్పేది. గోంగూర పచ్చడంటే దొరసానికి ప్రాణం. కళ్ళలో నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ ఇంకొంచెం వేయమనేది. ఆమెకి అత్త మీద ఒక ఆశ ఉండేది. తమ ఊళ్ళో ఉన్న పెద్దాస్పత్రికి రెండేళ్ళు పంపించి, కత్తి పట్టే పని దాకా నేర్పించాలని. తన తర్వాత ఈ ఆస్పత్రి నిలబడాలంటే ఈ ఊరి మనిషే నిలబెట్టాలనేది. కాని భాష రానిదే అక్కడ కాలు పెట్టనివ్వరు. అలా మొదలైంది మా ఇంట్లో జర్మను చదువు.

మా ఇంటి అరుగూ నడవా అంతా నాపరాళ్ళే. నున్నటి నల్లటి రాళ్ళు. అత్త వాటి మీద సుద్దముక్కతో రాసేది. ఒక్కో రాయి ఒక్కో క్రియకి. నేను తొమ్మిదేళ్ళదాన్ని. ఆమె పాఠం అప్పజెప్పాలంటే ఎవరో ఒకరు పుస్తకం పట్టుకొని చూడాలి, ఆ ఉద్యోగం నాది. చూస్తూ చూస్తూ నాకూ నోటికొచ్చేసింది. "వీటిలో రెండు జాతులున్నయ్యే" అని అత్త చెప్పేది. "బలహీన క్రియలు, బలమైన క్రియలు. బలహీనమైంది జరిగిపోయిన సంగతి చెప్పాలంటే ఎనక ఒక తోక తగిలించుకుంటది. బలమైందానికి ఎవరి సాయం అక్కర్లా. తన కడుపులో అచ్చునే మార్చుకుంటది. జింగెన్ అంటే పాడు. జాంగ్ అంటే పాడాను. గెజుంగెన్ అంటే పాడేసి ఉన్నా." నాకు వింతగా ఉంటే, "మనకి లేవా? రా అంటాం. వచ్చా అంటాం. రా కీ వచ్చా కీ ఏంది చుట్టరికం?" అనేది. నిజమే కదా అనిపించేది. అంతటితో అయిపోదు. నేను హెల్ఫె, నువ్వు హిల్ఫ్‌స్ట్, అతను హిల్ఫ్ట్. నేను సాయం చేస్తే ఒక అచ్చు, నువ్వు చేస్తే ఇంకో అచ్చు. వాళ్ళు చేస్తే మళ్ళీ మొదటికి. అన్నిటికంటే నన్ను నవ్వించింది ఫారెన్. బండెక్కి ప్రయాణం చెయ్యడమట దానర్థం. "ఫారెన్ పోతానంటే పోవడానికి పోతాననేనా?" అని నేను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని అత్త. నాయనమ్మకి మాత్రం ప్రతి క్రియకీ మూడో రూపం ముందు వినపడే ఆ "గె" పడేది కాదు. "ఏందే మీ ఇద్దరికీ ఆ గెగెగె, కోళ్ళ గూట్లో పాము దూరినట్టు" అనేది.

యుద్ధం అప్పటికే వచ్చింది. అయినా మా ఊరికి అది కిరోసిను దొరకకపోవడం వరకే. వేసవిలో ఒకరోజు ఇద్దరు పోలీసులు ఒక దొరని వెంటబెట్టుకొని ఆస్పత్రికి వచ్చారు. దొరసాని శత్రుదేశపు మనిషి కాబట్టి తీసుకుపోతామన్నారు. ఆమె అప్పుడు ఒక బాలింతకి కుట్లు విప్పుతోంది. పూర్తయ్యేదాకా బయట కూచోమంది, కూచున్నారు. ఒక పెట్టె, ఆ నల్లగొడుగు. రైలు స్టేషనులో అత్త చేతులు పట్టుకొని "చదువు మానవద్దు. యుద్ధము ముగియును. నేను మరల వచ్చెదను" అంది. ఎవరూ నవ్వలేదు ఆ భాషకి.

బొంబాయి వైపు కొండల్లో ఏదో ఊళ్ళో ఉంచారామెని. ఊరు దాటి పోకూడదు, వారానికొకసారి ఠాణాకి పోయి సంతకం పెట్టాలి. అంతే షరతు. ఉత్తరాలు రాసుకోవచ్చు, సెన్సారు చదివి పంపుతుంది. అత్త ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి, కింద తను నేర్చుకున్న క్రియలు రాసి పంపేది. నెల తిరిగేసరికి ఎర్రసిరాతో దిద్దిన కాయితం సెన్సారు ముద్రతో తిరిగొచ్చేది. రెండేళ్ళు అలా సాగింది. ఎర్రగీతలు తగ్గుతూ వచ్చాయి. ఒకసారి ఒక్క గీతా లేకుండా వచ్చింది కాయితం. అత్త దాన్ని నాన్నకి చూపించింది. నాన్న కళ్ళజోడు పెట్టుకొని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా పైనుంచి కింద దాకా చదివి, "శభాష్" అన్నాడు. మా నాన్న చెడ్డవాడు కాదు. ఇక ముందు రాయబోయేది చదివేవాళ్ళు ఆ శభాష్‌ని గుర్తుంచుకోవాలి.

కాకినాడ మీద జపానువాళ్ళ బాంబులు పడ్డ ఏడు. కోస్తా నుంచి జనం గిన్నెలు చెంబులు కట్టుకొని మా వైపు వచ్చేశారు. వానాకాలం వచ్చేసరికి క్విట్ ఇండియా గొడవలు. ఎక్కడెక్కడో రైలు పట్టాలు పీకారని, టెలిగ్రాఫు తీగలు కోశారని చెప్పుకునేవాళ్ళు. అదిగో ఆ నెలలోనే అత్త వ్యాకరణం పుస్తకంలో తర్వాతి పాఠానికి వచ్చింది. ఆ పాఠంలో ఉన్న క్రియలు ఆమె ఏరుకున్నవి కావు. షీసెన్, షొస్, గెషొస్సెన్: తుపాకి పేల్చు. ఫ్లీగెన్, ఫ్లోగ్, గెఫ్లోగెన్: ఎగురు. బ్రెఖెన్, బ్రాఖ్, గెబ్రొఖెన్: విరగ్గొట్టు. ష్వైగెన్, ష్వీగ్, గెష్వీగెన్: నోరు మూసుకొని ఉండు. ఒక్కోదానికి పక్కన గుండ్రటి అక్షరాలతో తెలుగులో అర్థం రాసి, ఎప్పటిలాగే పోస్టులో వేసింది. ఈసారి దాన్ని తెరిచింది ఎవరో కొత్త సెన్సారు మనిషి.

తాలూకా నుంచి సబిన్‌స్పెక్టరు వచ్చాడు. చెమటలు కారుస్తూ, నాయనమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, చాలా మర్యాదగానే మాట్లాడాడు. అరుగు మీద అత్త రాసిన సుద్ద అక్షరాలు చూసి బూటు పక్కకి పెట్టి కూచున్నాడు. నన్ను దగ్గరికి పిలిచి, "పాపా, ఇవి నీకు చదవడం వచ్చా?" అన్నాడు. నాకు పదకొండేళ్ళు. అప్పటిదాకా నా జర్మనును ఇంటి మనుషులు తప్ప ఎవరూ వినలేదు. చేతులు కట్టుకొని, బళ్ళో ఇన్‌స్పెక్షను రోజు పద్యం చెప్పినట్టు, షీసెన్ ని మొదలుపెట్టి నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు అన్నీ చెప్పాను. జరిగినది, జరిగిపోయి ఉన్నది కూడా చెప్పాను. ఆయన తల ఊపాడు.

"ఎవరు నేర్పారమ్మా?"

"మా అత్త."

"అత్తకి?"

"దొరసానమ్మ."

"ఎందుకంట?"

"మా అత్త జర్మనీకి పోద్ది. వాళ్ళు రమ్మన్నారు. మేం ఎవరికీ చెప్పలా" అన్నాను. ఆ చివరి మాట ఎందుకన్నానో నాకు ఇవాళ్టికీ తెలియదు. బహుశా అది చెబితే ఇంకా గొప్పగా ఉంటుందనుకున్నానేమో. నాయనమ్మ వచ్చి నన్ను రెక్క పట్టుకొని లోపలికి లాక్కుపోయింది.

మూడు రోజులు అత్తని ఠాణాకి పిలిపించారు. మూడో రోజు నన్నూ తీసుకురమ్మన్నారు, నేనన్నది కాయితం మీద రాసి నాన్న చేత నా తరఫున సంతకం పెట్టించారు. కొట్టలేదు, తిట్టలేదు. సబిన్‌స్పెక్టరు నాన్నతో అన్నదిది: "మేష్టారూ, మీ చెల్లెలు అమాయకురాలని నాకూ తెలుసు. ఆ దొరసానే కావాలని ఈ మాటలు రాయించిందని ఒక్క వాఙ్మూలం ఇస్తే, ఈమె జోలికి ఎవరూ రారు. ఉద్యోగం ఉంటది. లేదంటే నా చేతుల్లో లేదు." నాన్న అత్త వైపు తిరిగాడు. "రాసియ్యి చెల్లమ్మా. ఆమె యాడో బొంబాయి పక్కనుంది. మనం ఈడ బతకాల" అన్నాడు. అత్త కొంగు సర్దుకుంది. "నేర్పమని నేనే అడిగా అన్నయ్యా. పాఠంలో ఏముంటే అది రాశా. ఆమె రాయించిందంటే అబద్ధమవుద్ది" అంది. నాన్న బతిమాలాడు. ఆమె మళ్ళీ అదే మాట, అదే గొంతుతో చెప్పింది. సంతకం పెట్టలేదు.

ఎద్దుబండి మీద తిరిగొస్తున్నాం. నేను ఏడుస్తున్నాను. అత్త నా తల తన ఒళ్ళోకి లాక్కొని చానాసేపు జుట్టు నిమిరింది. తర్వాత, నన్ను ఓదార్చడానికే అనుకుంటాను, "ఒక్క తప్పు పోలేదే. అన్నీ సరిగ్గా చెప్పావు" అంది. ఆమె నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఉంటే ఇన్నేళ్ళలో ఎప్పుడో ఆ దెబ్బ మానిపోయేది.

అత్త అబద్ధం చెప్పకపోయినా నా నిజం సరిపోయింది వాళ్ళకి. దొరసానిని ముళ్ళకంచె ఉన్న క్యాంపుకి మార్చారని, ఇక ఉత్తరాలు కుదరవని ఒక అచ్చుకాయితం వచ్చింది. ఆస్పత్రి కమిటీ అత్తని యుద్ధం అయ్యేదాకా రావద్దంది. యుద్ధం అయ్యాక కూడా రమ్మనలేదు. సర్టిఫికెట్టు అడిగితే ఫైలు దొరకలేదన్నారు. పుస్తకాన్నీ నోటుబుక్కులనీ పోలీసులు పట్టుకుపోయారు. నాపరాళ్ళ మీద మిగిలిన సుద్ద అక్షరాల్ని నాయనమ్మ తడిగుడ్డతో తుడిచింది.

తెల్లచీర నర్సమ్మ మిరప కోతలకి పోవడం మొదలుపెట్టింది. కత్తెర పట్టే వేళ్ళు కదా, ఆ మంటకి మొదట్లో చీము పట్టాయి. తర్వాత అవీ అలవాటు పడ్డాయి. పురుళ్ళకి పిలిస్తే వెళ్ళేది. ఏమీ పుచ్చుకునేది కాదు. ఇచ్చిన చీర కూడా అక్కడే వదిలేసి వచ్చేది. ఒకసారి నేను ఉండబట్టలేక, రోటి దగ్గర ఆమె పక్కన కూచొని "కొమ్మెన్, కామ్..." అని మెల్లగా అన్నాను. ఆమె రోకలి ఆపింది. "వద్దే. ఆ మాటలు మనింటికి అచ్చిరాలా" అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఒక్క జర్మను ముక్క పలకలేదు. అత్త నవ్వడం ఎప్పుడు మానేసిందో చెప్పలేను. అడ్డం పెట్టుకునే చెయ్యి కనపడకపోతేనే నాకు తెలిసింది.

స్వరాజ్యం వచ్చింది. మరుసటేడు నైజాం వైపు నుంచి జనం కృష్ణ దాటి మా పల్నాటికి పారిపోయి వస్తున్నారు. వాళ్ళకి వేసిన పాకల్లో అత్త ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళకి పురుళ్ళు పోసి వచ్చి, కాళ్ళు కడుక్కుంటోంది. బడికి వేసవి సెలవులు. మా ఇంటి టపా ఎప్పుడూ బడికే పోయేది, నాన్న తెచ్చేవాడు. బడి మూసి ఉంది కాబట్టి పోస్టుమాను ఇంటికే వచ్చాడు. పల్చటి నీలం కవరు, ఎప్పుడూ చూడని తపాలాబిళ్ళ. మీద అత్త పేరు.

అరుగు మీద కూచొని విప్పింది. రెండు కాయితాలు, అటూ ఇటూ రాసి ఉన్నాయి. "ఆమె చెయ్యి కాదిది" అంది మొదటి చూపులోనే. పుస్తకాలు పోయి ఆరేళ్ళు. నామవాచకాలు, వస్తువుల పేర్లు, ఊళ్ళ పేర్లు అన్నీ ఆమె తలలోంచి ఎప్పుడో జారిపోయాయి. మిగిలినవి ఆ క్రియలే. వేలు పెట్టి ఒక్కొక్కటీ పట్టుకుంది. కామ్, వచ్చింది. ఫాండ్, కనుక్కుంది. ష్రీబ్, రాసింది. మళ్ళీ ష్రీబ్, మళ్ళీ ష్రీబ్. ఎవరు ఎవరికి రాశారో తెలియదు. ఎక్కడికి వచ్చిందో తెలియదు. బ్లీబ్, ఉండిపోయింది. రెండో కాయితం చివర ఆమె వేలు ఆగిపోయింది. నేనూ వంగి చూశాను. ష్టార్బ్.

"చచ్చిపోవడం" అన్నాను. "ఎవరత్తా? ముందున్న మాట 'జీ'. ఆమె అనైనా కావచ్చు, వాళ్ళు అనైనా కావచ్చు." యుద్ధంలో ఎంతోమంది పోయారు కదా, ఎవరో చుట్టాలై ఉంటారని నా ఆశ.

అత్త ఆ మాట చివర వేలు పెట్టింది. "వాళ్ళయితే చివర 'ఎన్' ఉండాల. ష్టార్బెన్ కావాల" అంది. "లేదు చూడు. ఒక్కతే. ఆమే."

ఏడవలేదు. కాయితాలు మడతల ప్రకారమే మడిచి, "మిగతాది ఎవరన్నా చదివి చెబితే బాగుండు" అంది. మర్నాడు ఇద్దరం రైలెక్కి గుంటూరు పోయాం. నాన్న వద్దన్నాడు. "పోయినామె పోయింది, ఇంక ఎందుకు పోవడం" అని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. అత్త పక్కనుంచి దాటుకొని నడిచింది.

గుంటూరులో జర్మను తెలిసిన ఒక ముసలి పాదిరి ఉన్నాడు. మొదట తనలో తను చదువుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి, ఒక్కో వాక్యం ఆపి ఆపి చెప్పాడు. రాసింది దొరసాని చెల్లెలు. యుద్ధం అయ్యాక ఆమెని ఓడెక్కించి స్వదేశానికి పంపేశారు. ఊరంతా నేలమట్టమైంది, తినడానికి లేదు, చలి. ఆమెకి ఊపిరితిత్తుల జబ్బు. మీకు మూడు ఉత్తరాలు రాసింది. తన మూలంగా మీ ఉద్యోగం పోయిందని క్యాంపులో ఎవరో చెప్పారట. కోపం లేదని ఒక్క ముక్క రాయమని ఆ మూడింటిలోనూ అడిగింది. పోయిన చలికాలం చనిపోయింది. చివరి వారం దాకా ఇండియా నుంచి టపా వచ్చిందా అని అడుగుతూనే ఉంది. మీరు జవాబివ్వకపోవడంలో తప్పు పట్టను, కాని ఆమె పోయిందని మీకు తెలియాలని రాస్తున్నాను. అంతే ఉత్తరం.

"ఉత్తరాలు నాకు రాలేదయ్యగారూ" అంది అత్త. ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు రెండుసార్లు అంది.

ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీదే ఉన్నాడు. అత్త ఎదురుగా నిలబడి, "మూడు ఉత్తరాలంట అన్నయ్యా" అంది. నాన్న తల ఎత్తకుండానే, "కాల్చేశా చెల్లమ్మా" అన్నాడు. "మళ్ళీ పోలీసోళ్ళు వస్తారని. ఈసారి నా ఉద్యోగం పోద్దని. పిల్ల పెళ్ళి కావాల్సిందని. మొదటిది వచ్చిన రోజున దణ్ణెం మీద చొక్కా తీసి, దాని జేబులో ఉత్తరం పెట్టుకున్నా, నీకిద్దామనే. ఇయ్యలేకపోయా." ఎప్పుడూ బడిలో గట్టిగా మాట్లాడి మాట్లాడి గరుకైన ఆయన గొంతు ఆరోజు పిల్లవాడి గొంతులా ఉంది. అత్త అరిచినా బాగుండేది. లోపలికి పోయి పొయ్యి అంటించింది. అందరికీ వడ్డించింది. నాన్నకి కూడా వడ్డించింది. ఆయన పోయేదాకా, ఇరవై ఆరేళ్ళు, వేళ తప్పకుండా వడ్డిస్తూనే ఉంది. అన్నయ్యా అని మాత్రం మళ్ళీ పిలవలేదు.

తర్వాత తాలూకా ఆస్పత్రిలో ఆయాగా చేరింది. సర్టిఫికెట్టు లేదు కాబట్టి నర్సు కాలేదు. తనకంటే సగం వయసున్న నర్సులకి బేసిన్లు అందిస్తూ, వాళ్ళు కుట్లు వంకరగా వేస్తుంటే చూస్తూ నిలబడేది. నేను టీచరు ట్రైనింగు పూర్తి చేసి, పెళ్ళి చేసుకొని నరసరావుపేటకి వచ్చేశాను. పోయినప్పుడల్లా ఆ బండి మీద అనలేని మాట, నన్ను క్షమించమన్న మాట, అడుగుదామనే పోయేదాన్ని. ఆమె నా పిల్లల్ని ఒళ్ళో వేసుకొని వాళ్ళకి స్నానాలు పోస్తుంటే, ఈసారికి వద్దులే, మళ్ళీ వచ్చినప్పుడు అడుగుదామని వచ్చేసేదాన్ని. నాన్నా అంతే అనుకుని ఉంటాడు, చొక్కా జేబులో ఆ ఉత్తరాన్ని మోసుకు తిరిగిన రోజుల్లో. ఆయన మంచంలో పడ్డాక చెల్లెల్ని పిలవమన్నాడు. ఆమె వచ్చి మంచినీళ్ళు పట్టింది, దిండు సర్దింది, ఆయన ఏదో అనబోతుంటే "పడుకో" అంది. అత్త పోయిన రోజు నేను రెండు గంటలు ఆలస్యంగా చేరాను.

అత్త, నాన్న, నేను, ముగ్గురం చాలాకాలమే బతికాం. మాకు కాలం ఇచ్చిన ఏళ్ళకి లెక్క లేదు. ఆ దొరసాని ఒక్క ముక్క కోసం ఎదురుచూసిన ఆ కొద్ది నెలలు మాత్రం, ఎన్నేళ్ళు కుదువపెట్టినా తిరిగి రాలేదు.